గాలి లెక్క: మాడ్యులర్ థియేటర్ మీద ఒక సంవాదం

మాడ్యులర్ ఆపరేషన్ థియేటర్‌కు గోడలూ పైకప్పూ తలుపులూ కార్ఖానాలో కొలతకు తయారై వస్తాయి. ఇటుక, సిమెంటు, తడి పని అక్కర్లేకుండా ఉన్న హాలు లోపలే ఉక్కు చట్రం నిలబెట్టి, దానికి పలకలు బిగించి ఇంకో గది లేపుతారు. పాత గోడకూ కొత్త పలకకూ మధ్య మిగిలిన సందులో గాలి డక్టులు, ఆక్సిజన్ గొట్టాలు, కరెంటు తీగలు సాగుతాయి. పైకప్పు నడుమ, సరిగ్గా ఆపరేషన్ బల్ల మీదికి వచ్చేలా ఫిల్టర్ల అర ఉంటుంది. దాన్ని ప్లీనం అంటారు. వడకట్టిన చల్లగాలి అందులోంచి నిదానంగా కిందికి దిగుతుంది. కంపెనీల కరపత్రాల్లో మెరిసేది ఉక్కు గోడ. నెలనెలా కరెంటు బిల్లులో కనబడేది గాలి. వాదమంతా ఈ రెండోదాని చుట్టూనే.

ఈ సంవాదంలో ఒకరు క్లీన్‌రూములు కట్టే ఇంజనీరు. మందుల కంపెనీలకు శుభ్రగదులు కట్టీ కట్టీ ఆస్పత్రుల పనిలోకి వచ్చిన తరహా మనిషి. రెండోవారు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత చూసే మైక్రోబయాలజిస్టు అయిన డాక్టర్. ముందున్న పని కోస్తా జిల్లాలో ఒక మధ్యతరహా ఆస్పత్రికి మూడు థియేటర్లు: ఒకటి కీళ్ల మార్పిడికి, ఒకటి జనరల్ సర్జరీకి, ఒకటి సిజేరియన్లకు. మనుషులూ ఆస్పత్రీ కల్పితం. లెక్కలు మాత్రం కావు.

ఇంజనీరు: ముందు గోడ మాట తేల్చుకుందాం మేడమ్. టైల్స్ గోడలో ప్రతి టైలు చుట్టూ సిమెంటు గీత ఉంటుంది. అది తేమ పీలుస్తుంది, పోనుపోను నల్లబడుతుంది. ఎంత ఘాటైన మందుతో రుద్దినా లోపలికి దిగదు. మా పలక స్టెయిన్‌లెస్ స్టీలుదైనా, జింకు పూత మీద పౌడర్ కోటింగ్ చేసిన ఉక్కుదైనా నీళ్లు పీల్చదు. అతుకుల్లో సీలెంటు నింపుతాం. గోడా గోడా కలిసే చోటా, గోడా నేలా కలిసే చోటా లంబకోణం ఉండదు, గుండ్రటి వంపు ఉంటుంది. తుడుపుగుడ్డ చేరని మూలంటూ మిగలదు. నేలకు వినైల్ షీటు వేసి అతుకుల్ని వేడితో కరిగించి కలిపేస్తాం, గోడ మీదికి కూడా కొంత ఎక్కిస్తాం. తలుపు పక్కకు జరిగి మూసుకున్నాక చుట్టూ రబ్బరు నొక్కుకుంటుంది.

డాక్టర్: గోడ నున్నగా ఉండాలన్న దాంట్లో పేచీ లేదు ఇంజనీరు గారూ. కానీ గోడ మీది క్రిమి దానంతట అది గాయంలోకి నడిచి రాదు. ఆపరేషన్ తర్వాత చీము పట్టిందంటే చాలాసార్లు ఆ క్రిమి రోగి సొంత చర్మానిదో, పేగులదో అయి ఉంటుంది. ఆ తర్వాతి అనుమానం చేతుల మీద, పరికరాల మీద. అందుకే 'యాంటీబ్యాక్టీరియల్ కోటింగ్' అని కొటేషన్లో ఒక పంక్తి చేర్చి చదరపుటడుగు రేటు పెంచితే నేను సంతకం పెట్టను. రోజూ తుడిచే గోడకు ఆ పూత వల్ల ఒరిగేది తక్కువ. ఇంకో సంగతి, మీ పలక వెనక సందుంది. పైన స్లాబు కారినా, చల్లనీళ్ల గొట్టం చెమర్చినా ఆ తేమ పలక వెనకే నిలిచి బూజు పడుతుంది. టైల్స్ గోడ నల్లబడితే కంటికైనా కనబడుతుంది. ఇక్కడ అదీ కనబడదు.

ఇంజనీరు: ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అందుకే పలకలు బిగించకముందే స్లాబు వాటర్‌ఫ్రూఫింగ్, గొట్టాల ఇన్సులేషన్ పరీక్షించి కాగితం మీద రాయించుకోవాలి. కానీ అదే సందు మాకు అక్కరకూ వస్తుంది. ఒక పలక విప్పి, వెనక గ్యాసు గొట్టం మార్చి, మళ్లీ బిగించేయవచ్చు. కట్టుడు గోడ పగలగొడితే లేచే దుమ్ముకు పక్క థియేటర్ కూడా మూసుకోవాలి.

నేల గురించి ఇక్కడ ఒక పక్క మాట చెప్పుకోవాలి. మాడ్యులర్ థియేటర్ టెండర్లలో స్థిర విద్యుత్తును భూమిలోకి పంపే నేల అడుగుతారు. వినైల్ కింద రాగి పట్టీలు పరిచి ఎర్తింగ్‌కు కలుపుతారు. ఈథర్, సైక్లోప్రొపేన్ వంటి మండే మత్తుమందుల కాలం నాటి జాగ్రత్త ఇది. అప్పట్లో చెప్పుల రాపిడికి పుట్టిన చిన్న నిప్పురవ్వ చాలు, థియేటర్లో పేలుడు జరగడానికి. ఇప్పుడు వాడే సెవోఫ్లురేన్, ఐసోఫ్లురేన్‌లతో ఆ భయం లేదు. ఎలక్ట్రానిక్ పరికరాలకు మేలని కొత్త కారణం ఒకటి చెబుతున్నారు, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ వాక్యం టెండరులో మిగిలింది కొత్త కారణం వల్ల కంటే పాత అలవాటు వల్లే అనిపిస్తుంది.

డాక్టర్: ఇక గాలికి రండి. గాలిలో ఏముందని అంత వడపోత?

ఇంజనీరు: గాలిలో మనుషులున్నారు మేడమ్. థియేటర్లో బ్యాక్టీరియా ఒంటరిగా ఎగరడం అరుదు. మన ఒంటి నుంచి ఊడిన చర్మపు పొలుసు మీద ఎక్కి తిరుగుతుంది. మనిషి కదులుతుంటే నిమిషానికి వేల పొలుసులు రాలతాయి, వాటిలో కొన్నింటి మీద బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. అలాంటి రేణువు సగటున 12 మైక్రాన్లు. కదలని గాలిలో నిమిషానికి సుమారు ఒక అడుగు దిగుతుంది. సర్జన్ మెడ దగ్గర ఊడిన పొలుసు రెండు మూడు నిమిషాల్లో గాయం మీదో, తెరిచిపెట్టిన పరికరాల ట్రే మీదో వాలుతుంది. లోపల పుట్టినదాన్ని పలుచన చేయాలి, బల్ల దగ్గరి నుంచి తరమాలి, బయటిది లోపలికి రానీయకూడదు. ఈ మూడు పనులూ చేసేది గాలే.

డాక్టర్: ఎంత గాలి?

ఇంజనీరు: మన దేశంలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ మార్గదర్శకాలు 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదిని ప్రమాణంగా తీసుకుంటాయి. అంటే 4,000 ఘనపుటడుగులు. గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో 4 సార్లకు సరిపడా బయటి తాజా గాలి ఉండాలి. 20 సార్లంటే గంటకు 80,000 ఘనపుటడుగులు, నిమిషానికి 1,333. తాజా గాలి వాటా నిమిషానికి 267. ఇక పైకప్పు నుంచి దిగే వేగం నిమిషానికి 25 నుంచి 35 అడుగులు ఉండాలన్నారు. 8 అడుగులకు 6 అడుగుల ప్లీనం పెడితే 48 చదరపుటడుగులు; 30 అడుగుల వేగంతో నిమిషానికి 1,440 ఘనపుటడుగులు దిగుతుంది. ఎటు నుంచి చేసినా లెక్క దాదాపు ఒకచోటికే వస్తుంది. తిరుగు గాలి జాలీలు గోడల అడుగున ఉండాలి, పైకప్పులో కాదు. పైన పెడితే దిగాల్సిన గాలి సగంలోనే మళ్లిపోతుంది.

డాక్టర్: సరే. పొలుసు 12 మైక్రాన్లని మీరే అన్నారు. మీ హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల రేణువును నూటికి 99.97 పట్టాలంటారు. పొలుసును ఆపడానికి అంతకంటే మోటు ఫిల్టర్ సరిపోదా?

ఇంజనీరు: సరిపోతుంది, పొలుసు ఒక్కటే అయితే. ఆస్పర్జిల్లస్ బూజు బీజాలు రెండు మూడు మైక్రాన్లే. పక్కనే కట్టడం పని జరుగుతుంటే గాలి నిండా అవే. ఇంకో కారణం ఫిల్టర్ ఉండే చోటు. గాలి యంత్రం దగ్గర ముతక ఫిల్టరూ, సన్నటి ఫిల్టరూ దుమ్ము పట్టేస్తాయి. హెపా మాత్రం డక్టు చివర, పైకప్పులో ఉంటుంది. డక్టులో ఏళ్ల తరబడి పేరుకున్నది ఏదైనా ఊడిపడితే అక్కడ ఆగాలి. 0.3 అనే అంకె కూడా క్రిమి సైజును చూసి పెట్టింది కాదు. అంతకంటే పెద్ద రేణువులు సూటిగా వచ్చి పోగులకు కొట్టుకుంటాయి. బాగా చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడి పోగులకు తగులుకుంటాయి. ఈ రెండిటికీ మధ్యవే తప్పించుకునేవి. ఫిల్టర్‌ను దానికి అన్నిటికన్నా కష్టమైన చోట పరీక్షించమన్నారు, అంతే.

డాక్టర్: ఆ జవాబు బాగుంది. కానీ గాలి యంత్రం ఖర్చు భరించలేక స్ప్లిట్ ఏసీ పెట్టుకున్న నర్సింగ్ హోములు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లకేం చెబుతారు?

ఇంజనీరు: ఎన్ఏబీహెచ్ చెప్పినదే చెబుతాను: ఏ రకం థియేటర్లోనూ విండో, స్ప్లిట్ ఏసీలు పెట్టకూడదు. గదిలో ఉన్న గాలినే తిప్పుతాయి, తాజా గాలి తీసుకోవు. లోపలి తడి రేకుల్లో క్రిములు కాపురం పెడతాయి, ఆ రేకులను సీలు చేయలేం. గదిలో పీడనమూ పుట్టించలేవు.

పీడనం మాట వచ్చింది గనక దాన్ని కాస్త విడమరచాలి. గదిలోకి పంపే గాలి, గదిలోంచి లాగే గాలి కన్నా ఎక్కువైతే మిగిలింది సందుల్లోంచి బయటికి తోసుకుపోతుంది. అప్పుడు వరండా గాలి లోపలికి రాలేదు. ఎన్ఏబీహెచ్ అడిగే కనీస తేడా 2.5 పాస్కల్స్. నీటిమట్టంలో చెబితే పావు మిల్లీమీటరు. బ్రిటన్ ప్రమాణాల్లో ఇది పదింతల దాకా పోతుంది. ఎంత పెట్టినా తలుపు తెరిచిన క్షణంలో అది సున్నాకు జారుతుంది. కుట్టు దారం తెమ్మని ఒకరు, ఫోన్ మాట్లాడడానికి ఒకరు, చూసిపోవడానికి ఒకరు తలుపు తీస్తుంటే గోడ మీది పీడనం మీటరు ఉత్త అలంకారమే. ఈ సంగతి మీద ఇద్దరికీ భేదం లేదు.

డాక్టర్: సముద్రం పక్క ఊళ్లలో తేమ సంగతి?

ఇంజనీరు: అసలు డబ్బు కరిగేది అక్కడే. గది 21 డిగ్రీలకు మూడు అటూ ఇటూ ఉండాలి, తేమ 60 శాతం దాటకూడదు. 21 డిగ్రీల దగ్గర 55 శాతం తేమ ఉన్న గాలి మంచుబిందువు 12 డిగ్రీల లోపు. అంటే ఆగస్టులో విశాఖ గాలిని ముందు 12 డిగ్రీల కిందికి చల్లార్చి నీళ్లు పిండాలి, తర్వాత మళ్లీ వేడి చేసి గదిలోకి వదలాలి. చల్లార్చడానికి ఒకసారి, వేడి చేయడానికి ఇంకోసారి కరెంటు. ఈ మళ్లీ వేడిచేసే ఏర్పాటు కొటేషన్లో తీసేసి ధర తగ్గించేవాళ్లుంటారు. అప్పుడు గది చల్లగానే ఉంటుంది, గోడలకు మాత్రం చెమటలు పడతాయి. చిల్లర్ నుంచి పోయే వేడినే పట్టి ఈ పనికి వాడితే బిల్లు చాలా తగ్గుతుంది.

డాక్టర్: రాత్రి ఖాళీ గదికి కూడా 20 సార్లు గాలి మార్చాలా?

ఇంజనీరు: అక్కర్లేదు. ఫ్యాను వేగం తగ్గించవచ్చు. పూర్తిగా ఆపకూడదు. ఆపితే పీడనం పోతుంది, తడి కాయిల్ మీద బూజు లేస్తుంది. పొద్దున స్విచ్ వేయగానే అదంతా డక్టులోకి వస్తుంది.

ఇక్కడిదాకా ఇద్దరూ ఒక దారినే ఉన్నారు. విడిపోయేది లామినార్ ఫ్లో దగ్గర, అంటే కీళ్ల మార్పిడి థియేటర్లో బల్లనంతా కప్పేసేంత పెద్ద ప్లీనం పెట్టి, చుట్టూ ఉన్న గాలి కలవకుండా శుభ్రమైన గాలిని ఒకే దిశలో దించడం దగ్గర.

ఇంజనీరు: దీని చరిత్ర వింటే మీరే ఒప్పుకుంటారు. 1960ల మొదట్లో అమెరికాలోని అల్బుకర్కీలో, సాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త గది గాలినంతా ఒకే దిశలో జరిపే క్లీన్‌రూము కనిపెట్టాడు. ఆయనకు కావలసింది సున్నితమైన యంత్రభాగాలకు దుమ్ము తగలకపోవడం. దాదాపు ఆ కాలంలోనే ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడి మొదలుపెట్టాడు. మొదట్లో నూటికి ఏడుగురి దాకా చీము పట్టింది. హోవర్త్ అనే గాలి ఇంజనీరుతో కలిసి థియేటర్లోనే శుభ్రమైన గాలి గది కట్టాడు, సర్జన్ల ఒంటిగాలిని గొట్టంతో లాగేసే దుస్తులు తయారు చేయించాడు. రేటు ఒక శాతం లోపుకు పడింది.

డాక్టర్: ఆ ఏళ్లలో చార్న్‌లీ గాలి ఒక్కటే మార్చలేదు. కుట్లు వేసే పద్ధతి మారింది, గౌన్లు మారాయి, చేయి తిరిగింది. అన్నీ కలిసి తెచ్చిన ఫలితాన్ని గాలి ఖాతాలో వేయకూడదు.

ఇంజనీరు: అందుకే బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్ష పెట్టింది. లిడ్‌వెల్ బృందం 1982లో ప్రచురించింది. తుంటి, మోకాలు మార్పిళ్లు 8,055. మామూలు గాలి గదుల్లో 4,133 మందికి 63 లోతు ఇన్‌ఫెక్షన్లు, శుభ్రమైన గాలిలో 3,922 మందికి 23. నూటికి 1.5 నుంచి 0.6. ఇది ఎవరి హస్తవాసీ కాదు, చీటీ వేసి ఏ రోగిని ఏ గదికి పంపాలో తేల్చిన పరీక్ష.

డాక్టర్: గదికి చీటీ వేశారు, యాంటీబయాటిక్‌కు వేయలేదు. అది సర్జన్ ఇష్టానికి వదిలారు. మందు ఇచ్చినవాళ్లలో రెండు రకాల గదుల్లోనూ ఇన్‌ఫెక్షన్ తగ్గింది. ఇప్పుడు కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వకుండా ఎవరూ కీలు మార్చరు. ఆ మందు పనిచేశాక గాలికి మిగిలిన పనెంత? 2008లో బ్రాంట్ బృందం జర్మనీలో 63 సర్జరీ విభాగాల నుంచి 99,230 ఆపరేషన్లు చూసింది. లామినార్ ఫ్లో వల్ల లాభం కనబడలేదు. తుంటి మార్పిడిలో ఇన్‌ఫెక్షన్ పైగా ఎక్కువ కనబడింది. 2011లో న్యూజిలాండ్ కీళ్ల రిజిస్ట్రీ లెక్కలూ అటే మొగ్గాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కీలు మార్పిడిలో ఇన్‌ఫెక్షన్ తగ్గుతుందని లామినార్ ఫ్లో పెట్టవద్దని సూచించింది.

ఇంజనీరు: అదే సంస్థ, ఆ సూచన షరతులతో కూడినదనీ, ఆధారాల నాణ్యత తక్కువ నుంచి బాగా తక్కువ అనీ పక్కనే రాసింది మేడమ్. రిజిస్ట్రీ అంటే జరిగిపోయినదాన్ని లెక్కపెట్టడం. 'మీ థియేటర్లో లామినార్ ఫ్లో ఉందా' అని అడిగితే ఉందని టిక్కు పెడతారు. ప్లీనం ఎంత వెడల్పో, వేగం ఎంతో, ఫిల్టర్ ఎప్పుడు పరీక్షించారో ఆ టిక్కు చెప్పదు. పెద్ద కేసులూ, ముసలివాళ్లూ, షుగర్ ఉన్నవాళ్లూ ఆ పెద్ద ఆస్పత్రులకే ఎక్కువ వెళ్లి ఉండవచ్చు.

డాక్టర్: కావచ్చు. ఎంత సర్దినా 'హాని లేదు' అన్న దగ్గరికి తేగలరేమో గానీ, 'మేలు ఉంది' అన్న దగ్గరికి తేలేరు. నిజంగా మేలుంటే లక్ష ఆపరేషన్లలో ఎక్కడో తొంగిచూడాలి.

ఇక్కడ న్యాయంగా తూస్తే డాక్టర్ పక్షమే బరువుగా ఉంది. ఇంజనీరు అంటున్న లోపాలు నిజమైనవే. కానీ ఖర్చు పెట్టమని అడిగేవాడే మేలు రుజువు చేయాలి. ఇక హాని ఎందుకు కనబడిందన్న ప్రశ్నకు అనుమానాలున్నాయి, తీర్పు లేదు.

డాక్టర్: బల్ల మీదికి దిగే గాలి దారిలో ఏముంటుంది చెప్పండి. దీపాలు.

ఇంజనీరు: దీపాలూ, వంగిన సర్జన్ తలా. ఏటిలో బండరాయి అడ్డొస్తే దాని వెనక నీళ్లు సుడి తిరిగినట్టు, దీపం గిన్నె కింద గాలి సుడి తిరుగుతుంది. తల మీది పొలుసు ఆ సుడిలో పడితే నేరుగా గాయం మీదికే. అందుకే ఇప్పుడు దీపాలను గాలి దూరిపోయేలా విడివిడి రేకులుగా చేస్తున్నారు. పరికరాల ట్రేలు ప్లీనం నీడ దాటి బయట పెట్టడం ఇంకో తప్పు. గాలి అంచున లోపలి గాలీ బయటి గాలీ కలిసిపోతాయి.

డాక్టర్: చలి సంగతో? 1996లో కర్జ్ బృందం పెద్దపేగు ఆపరేషన్లలో చూపించింది: ఒళ్లు చల్లబడనిచ్చిన రోగుల్లో 19 శాతానికి గాయం చెడింది, వెచ్చగా ఉంచినవాళ్లలో 6 శాతానికి. చల్లగాలి ధార కింద గంటలు పడుకున్న మనిషి ఒళ్లు చల్లబడదా?

ఇంజనీరు: వేడిగాలి దుప్పటి కప్పుతారు.

డాక్టర్: కప్పితే ఆ వేడి పైకి లేచి మీ ధారను చెదరగొడుతుందని మళ్లీ మీవాళ్లే తగాదా పడుతున్నారు. గుండె ఆపరేషన్ సంగతి ఇంకా చిత్రం. రోగి రక్తాన్ని చల్లార్చి వేడిచేసే యంత్రాల నీళ్ల తొట్టెల్లో మైకోబ్యాక్టీరియం కైమేరా అనే బ్యాక్టీరియా పెరిగింది. యంత్రం ఫ్యాను ఆ తుంపరలను గదిలోకి ఊదింది. జ్యూరిక్‌లో మొదట పట్టుకున్నారు, తర్వాత చాలా దేశాల్లో తేలింది. రోగం బయటపడడానికి కొందరిలో ఏళ్లు పట్టింది. పొగ పెట్టి చూస్తే, ఫ్యాను ముఖం బల్ల వైపు ఉంటే లామినార్ ధారను దాటుకుని ఆ గాలి గాయం దాకా చేరింది. పైకప్పు మీద అంత ఖర్చు పెట్టాక నేల మీద ఏ యంత్రం ఎటు తిరిగి ఉందో చూసేవాళ్లు లేకపోతే ఏం లాభం?

ఇంజనీరు: అందులో తప్పు గాలిది కాదు, యంత్రానిది. గాలిని వదిలేయమనడానికి అది కారణం కాకూడదు.

డాక్టర్: వదిలేయమనడం లేదు. అరవింద్ కంటి ఆస్పత్రులు చూడండి. ఒకే గదిలో ఒకటికి మించి బల్లలు వేసి, ఒక రోగి తర్వాత ఒకరికి శుక్లం తీస్తారు. మీ క్లీన్‌రూము పుస్తకం ప్రకారం అది తప్పే. అయినా 2017లో వచ్చిన 6 లక్షలకు పైగా ఆపరేషన్ల లెక్క ప్రకారం, కంటి లోపల మోక్సిఫ్లాక్సాసిన్ చుక్క ఎక్కించడం మొదలుపెట్టాక ఇన్‌ఫెక్షన్ 0.07 శాతం నుంచి 0.02కి తగ్గింది. పైకప్పులో మార్పు వల్ల కాదు, మందు వల్ల.

ఇంజనీరు: శుక్లం తీసే గాయం రెండు మూడు మిల్లీమీటర్లు, పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తుంటి గాయం జానెడు, గంటకు పైగా తెరిచి ఉంటుంది, లోపల లోహం పెడతాం. లోహం మీద క్రిమి పొర కట్టిందంటే మందు దిగదు. పోలిక కుదరదు.

ఆ మాట నిజమే. గాయం వెడల్పు, తెరిచి ఉన్న సమయం, లోపల పెట్టే వస్తువు, ఈ మూడింటిని బట్టే గాలి విలువ పెరుగుతుంది. సిజేరియన్ థియేటర్‌కు పెద్ద ప్లీనం అడగడం ఏ పక్షం వాదనలోనూ లేదు. అయినా మూడు గదులకూ ఒకటే నమూనా అచ్చు వేసే టెండర్లు వస్తూనే ఉంటాయి.

కరెంటు, గ్యాసుల దగ్గర తగాదా లేదు. థియేటర్ కరెంటు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా రావాలి. ఒక తీగ ఎక్కడో ఒరుసుకున్నా ఫ్యూజు కొట్టేసి యంత్రాలు ఆగిపోవు, హెచ్చరిక మోగుతుంది, పని పూర్తి చేసుకోవచ్చు. ఆక్సిజన్, నైట్రస్ ఆక్సైడ్, మెడికల్ ఎయిర్ 4 బార్ దగ్గర, ఎముక రంపాలు తిప్పే గాలి 7 బార్ దగ్గర, పక్కన వాక్యూమ్. రోగి వదిలిన మత్తు వాయువును బయటికి లాగే గొట్టం మరువకూడదు. పైనుంచి వేలాడే పెండెంట్ బరువు పలకల మీద పడకూడదు, స్లాబుకే బిగించాలి.

డాక్టర్: ఆస్పత్రిలో గదులన్నీ ఒకే తీరున ఉండవు, అదీ టెండరులో రావాలి. ఎముక మజ్జ మార్పిడి రోగి గదికి గాలి బయటికి తోసుకుపోవాలి, బూజు లోపలికి రాకూడదు. కీమో మందు కలిపే గదిలో గాలి లోపలికి లాగాలి, మందు తుంపర వరండాలోకి పోకూడదు. క్షయ రోగి గదీ అంతే. కోవిడ్‌లో ఈ రెండూ ఒకే బల్ల మీద ఎదురుపడ్డాయి: గాయానికి గాలి బయటికి పోవాలి, సిబ్బందికి పోకూడదు.

ఇంజనీరు: దానికి థియేటర్ ముందు చిన్న గది పెట్టి, దాని గాలిని రెండు వైపుల కంటే తక్కువ పీడనంలో ఉంచుతాం. లోపలి నుంచి వచ్చేదీ, వరండా నుంచి వచ్చేదీ ఆ గదిలోకే పడి బయటికి లాగబడుతుంది. మొదట్లోనే ఆ చోటు వదలకపోతే తర్వాత పుట్టదు.

డాక్టర్: పని అప్పగించేటప్పుడు ఏం చూపిస్తారు?

ఇంజనీరు: సన్నటి నూనె పొగ వదిలి ఫిల్టరూ దాని అంచులూ కారడం లేదని పరీక్ష. గాలి వేగం, గంటకు ఎన్నిసార్లు మారుతోంది, గదుల మధ్య పీడనం, పొగతో గాలి నడిచే దారి. రేణువుల లెక్కకు ఐఎస్ఓ 14644. క్లాస్ 5 అంటే ఘనపు మీటరుకు 0.5 మైక్రాన్లు, ఆపైన రేణువులు 3,520 దాటకూడదు. క్లాస్ 7 అంటే 3,52,000. మన టెండర్లలో ఇంకా 'క్లాస్ 100' అని రాస్తుంటారు. ఆ పేరు వచ్చిన అమెరికా ప్రమాణాన్ని 2001లోనే రద్దు చేశారు.

డాక్టర్: మీ లెక్క ఖాళీ గదిలో. కరెంటుతో కోసే డయాథర్మీ పెట్టగానే పొగ లేచి ఘనపు మీటరుకు లక్షల రేణువులు అవుతాయి, వాటి వల్ల గాయం చెడదు. నాకు కావలసింది పని జరుగుతుండగా గాలిలో బతికున్న క్రిములెన్ని అన్నది. బ్రిటన్‌లో అతిశుభ్ర థియేటర్‌కు బల్ల దగ్గర ఘనపు మీటరుకు పది దాటకూడదంటారు.

ఇంజనీరు: ఆ లెక్క మనుషుల మీద ఆధారపడుతుంది. పన్నెండు మంది గుమిగూడితే నా గది ఏం చేయగలదు? గదికి నేను జామీను ఉంటాను, గదిలో మనుషులకు ఉండలేను.

డాక్టర్: అది సరైన హద్దే. అయితే రెండు లెక్కలూ రాద్దాం. ఖాళీ గది లెక్క మీకు, పని నడిచే గది లెక్క మాకు. ఫ్యుమిగేషన్ మాట కూడా ఇప్పుడే తేల్చేద్దాం. రాత్రి ఫార్మలిన్, పర్మాంగనేట్ కలిపి గది మూసేయడం, పొద్దున అమ్మోనియా పెట్టడం మానాలి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మురికి తుడవని చోట పొగ పెట్టడం వల్ల ఉపయోగమూ లేదు.

ఇంజనీరు: మా సీలెంటుకూ అది మంచిది కాదు. నాకు అభ్యంతరం లేదు.

మిగిలింది కీళ్ల థియేటర్ ప్లీనం. ఇంజనీరు 2.8 మీటర్ల చదరం అడుగుతున్నారు. సెకనుకు 0.38 మీటర్ల వేగంతో అది గంటకు దాదాపు 10,700 ఘనపు మీటర్ల గాలి దించుతుంది. అదే 4,000 ఘనపుటడుగుల గదికి గంటకు 95 మార్పిడులు, మామూలు థియేటర్‌కు అయిదింతలు. ఇందులో ఎక్కువ భాగం గదిలోనే తిరిగే గాలి కనుక చల్లార్చే ఖర్చు అయిదింతలు కాదు. ఫ్యాన్లు, ఫిల్టర్లు, వాటి పరీక్షలు మాత్రం పెరుగుతాయి. డాక్టర్ ఆ తేడా డబ్బుతో పరికరాలు శుద్ధి చేసే విభాగమైన సీఎస్ఎస్‌డీలో రెండో ఆటోక్లేవు కావాలంటున్నారు. ఉన్న ఒక్కటి ఆగిన రోజున ట్రేలు హడావుడిగా, సగం ఆరినవి థియేటర్‌కు వస్తాయి. తడి ట్రే చుట్టూ ఉన్న గుడ్డలోంచి క్రిమి దూరడానికి గాలి అక్కర్లేదు.

ఇంజనీరు: ఇవాళ చిన్న ప్లీనమే పెట్టండి. కానీ పెద్దదానికి పైన చోటు వదలండి. ఫిల్టర్ల అర, డక్టు, దీపాల చట్రం పట్టాలంటే నేల నుంచి స్లాబుకు నాలుగు మీటర్లు దాటాలి.

డాక్టర్: ఆటోక్లేవు ఈ ఏడాదే వస్తుందంటే స్లాబు ఎత్తుకు నాకు అభ్యంతరం లేదు. ప్లీనం సంగతి మొదటి రెండేళ్ల ఇన్‌ఫెక్షన్ లెక్కలు చూశాక మాట్లాడదాం.

ఇంజనీరు: ఒక్క ఆస్పత్రిలో రెండేళ్ల కీళ్ల ఆపరేషన్లంటే కొన్ని వందలు. ఒక శాతం, అర శాతం తేడా ఆ లెక్కలో తేలదు మేడమ్.

డాక్టర్: తేలదు. తేలేది ఇంకోటుంది. యాంటీబయాటిక్ వేళకు పడిందా, తలుపు ఎన్నిసార్లు తెరిచారు, ముతక ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, ఇవి రెండేళ్లలో కచ్చితంగా తెలుస్తాయి. అవి సరిగా లేకుండా పెద్ద ప్లీనం అడిగితే నేను మళ్లీ కాదంటాను.

ఇంజనీరు ఈ షరతును టెండరులో రాయడానికి ఒప్పుకున్నారు. ప్లీనం అవసరం లేదన్న మాటకు మాత్రం ఒప్పుకోలేదు. స్లాబు ఎత్తు 4.2 మీటర్లని నక్షాలో పెట్టారు.